ఆ సంచితో ఇంకేం పని?



మిరప కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో పల్నాటి పల్లె నుంచి ఒక తల్లీకూతుళ్లు మా ఆసుపత్రికి వచ్చారు. కూతురికి ముప్పై ఒకటి. ఇద్దరు పిల్లలు. పిల్లల ఆపరేషన్ అయి తొమ్మిదేళ్లయింది. తల్లికి యాభై రెండు. ఆవిడ ఎడమ మణికట్టుకి సిమెంటు కట్టు, కుడి చేతిలో ప్లాస్టిక్ కవరు, కవర్లో స్కానింగ్ కాగితాలు. కుర్చీలో కూర్చోకముందే చెప్పడం మొదలుపెట్టింది.

"డాక్టరమ్మా, పిల్లకి తెల్లబట్ట, నడుం నొప్పి. నెలనెలా ఎక్కువగా పోతోంది. మా ఊరి ఆర్.ఎం.పి. స్కానింగ్ తీయించాడు. సంచి వాచిందంట. ఇట్టాగే వదిలేస్తే క్యాన్సరవుద్దంట. పిల్లలు పుట్టేశారు, ఆ సంచితో ఇంకేం పని? తీసెయ్యండమ్మా. నాకూ ముప్పై మూడో ఏట తీశారు. ఆ బాధ మళ్లీ లేదు."

ఈ మాటలు నేను ముప్పై ఏళ్లుగా వింటున్నాను. కొత్తలో కోపం వచ్చేది. చదువులేక ఇలా అంటున్నారని అనుకునేదాన్ని. అది నా తప్పు. ఆ మాట వెనుక పెద్ద లెక్క ఉంది. తెల్లవారుజామున ట్రాలీ ఆటో ఎక్కి, మూడు ఊళ్ల అవతల పొలంలో దిగి, పొద్దంతా నడుం వంచి కాయ కోయాలి. చేలో మరుగు లేదు. బట్ట మార్చుకోవడానికి చోటు లేదు. నెలలో ఏడెనిమిది రోజులు రక్తం పోతుంటే ఆ రోజుల కూలి పోతుంది, లేదా ఆ బాధతోనే పనికి పోవాలి. ఇలా ఏళ్ల తరబడి పడిన మనిషికి గర్భసంచి అనేది శరీరంలో ఒక అవయవంగా కనిపించదు. నెలనెలా కూలి మింగే ఒక జబ్బుగా కనిపిస్తుంది. మనం ఆ బాధకు విలువ కట్టకుండా ఆపరేషన్ వద్దని చెబితే వాళ్లు మన మాట వినరు. వినకపోవడం న్యాయం కూడాను.

అయితే ఆ తల్లి చివర్లో అన్న మాట మీద ఈ పూట కాసేపు మాట్లాడాలనుకుంటున్నాను. "ఆ బాధ మళ్లీ లేదు." ఇది అక్షరాలా నిజం. గర్భసంచి తీసేస్తే నెలసరి రాదు, రక్తం పోదు. లాభం మరుసటి నెలలోనే తెలిసిపోతుంది. దానికి ఒక పేరుంటుంది, తేదీ ఉంటుంది, ఇరుగుపొరుగుకి చెప్పుకోవడానికి ఒక కథ ఉంటుంది. నష్టం అలా రాదు. పదేళ్లకో పదిహేనేళ్లకో వస్తుంది. అప్పుడు కూడా తన అసలు పేరు చెప్పదు. కీళ్ల నొప్పులంటుంది, గుండె దడంటుంది, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదంటుంది, చిన్నగా జారిపడితే ఎముక విరిగిందంటుంది. ఒకసారి ఎముకల డాక్టరు దగ్గరికి, ఇంకోసారి గుండె డాక్టరు దగ్గరికి పోతారు. ఎప్పుడో జరిగిన ఆపరేషన్ సంగతి వాళ్లు అడగరు, వీళ్లు చెప్పరు. ఏ వైద్యానికైనా లాభనష్టాలు తూచాలంటాం కదా. ఒక పళ్లెం ఇవాళ పెట్టి, రెండో పళ్లెం పదిహేనేళ్ల తర్వాత పెడితే తూకం ఎలా కుదురుతుంది?

ఇది ముఖ్యంగా మన రెండు తెలుగు రాష్ట్రాలకు సంబంధించిన విషయం. ఈ మాట ఊరికే అనడం లేదు. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను గర్భసంచి తీయించుకున్నారా అని అడిగారు. దేశం మొత్తం మీద నూటికి సుమారు 3 మంది అవునన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. దేశంలో ఈ రెండూ ముందు వరసలో ఉన్నాయి. ఐదేళ్ల తర్వాత చేసిన సర్వేలోనూ పెద్దగా తగ్గలేదు. దేశంలో జరిగిన ఈ ఆపరేషన్లలో మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగాయి. యాభై దాటిన వాళ్లు ఈ లెక్కలోనే లేరని గమనించండి. పొరుగు రాష్ట్రాల ఆడవాళ్లకు లేని జబ్బు మన ఆడవాళ్లకే మూడింతలు ఉంటుందా? నేను నమ్మను.

కారణాలు చాలా ఉన్నాయి. పెళ్లిళ్లు తొందరగా, కాన్పులు తొందరగా, పిల్లల ఆపరేషన్ ఇరవై రెండో ఇరవై మూడో ఏటికల్లా. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. అంటే పాతికేళ్లకే 'ఆ సంచి పని అయిపోయింది' అన్న మాట ఇంట్లో వినపడటం మొదలవుతుంది. 2007లో పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ వచ్చింది. ప్రాణాలు నిలిపిన పథకం అది, అందులో నాకు రెండో మాట లేదు. కానీ దాని కింద గర్భసంచి ఆపరేషన్లు ఎంత పెరిగాయంటే, కొన్నేళ్లకు వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. అప్పట్లో హైదరాబాద్ డాక్టర్లు ఎస్.వి. కామేశ్వరి, వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లా పల్లెల్లో తిరిగి, చిన్న వయసులో ఆపరేషన్ అయిన ఆడవాళ్ల మాటలు విని రాసుకున్నారు. వాళ్ల పని మీద నాకు చాలా గౌరవం. ఆపరేషన్ తర్వాత ఆ మనిషి ఎలా ఉందో అడగడానికి మళ్లీ ఊరికి వెళ్లే వైద్యులు మాలో ఎందరున్నారు?

2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయం మీద తీర్పు ఇచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అవసరం లేకుండా గర్భసంచులు తీసేశారన్న కేసు అది. అనవసర ఆపరేషన్లను అడ్డుకోవడానికి కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమల్లో పెట్టాలని చెప్పింది. కాగితం మీద మంచి మాటే. కానీ ఆపరేషన్ నిర్ణయం కోర్టులో జరగదు, కమిటీలో జరగదు. ఆసుపత్రి గదిలో పది నిమిషాల్లో జరిగిపోతుంది. అందుకే ఆ పది నిమిషాల గురించి చెబుతాను.

ముందు భయాల సంగతి. స్కానింగ్ కాగితంలో సంచి కాస్త పెద్దదిగా ఉందని రాస్తారు. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కన్న ఆడదాని గర్భసంచి, కనని ఆడదాని సంచి కంటే కొంచెం పెద్దగానే ఉంటుంది. అది జబ్బు కాదు. అండాశయంలో నీటి బుడగలున్నాయంటారు. అండం తయారయ్యేదే నీటి బుడగలాంటి దాంట్లో. చిన్నవి చాలావరకు రెండు మూడు నెలల్లో వాటంతటవే పోతాయి. ఇక తెల్లబట్ట. కొంత తెల్లబట్ట ప్రతి ఆడమనిషికీ సహజం. దుర్వాసన, దురద, మంట ఉంటే అది ఇన్‌ఫెక్షన్. మందులతో తగ్గుతుంది. భర్తకూ మందులు కావాల్సి రావచ్చు. పైగా అది ఎక్కువగా వచ్చేది యోని నుంచి. సంచి తీసినా తెల్లబట్ట ఆగకపోవచ్చు. దాన్ని వదిలేస్తే క్యాన్సర్‌గా మారుతుందన్న మాట తప్పు. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌కు కారణం హెచ్.పి.వి. అనే వైరస్. అది కనిపెట్టినందుకే హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. క్యాన్సర్ అనుమానం ఉంటే దానికి పరీక్ష ఉంది. వెనిగర్‌లాంటి పలచని ఆమ్లం పూసి చూసే పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు. పాప్ పరీక్ష ఉంది. ఐదు నిమిషాల పని. పరీక్ష చేయకుండా క్యాన్సర్ పేరు చెప్పి ఆపరేషన్‌కు ఒప్పించడం బెదిరింపు. మా వృత్తిలో ఉండి ఈ మాట అంటున్నందుకు నాకు బాధగానే ఉంది. అయినా అనాలి.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. గర్భసంచికి ముందు మూత్రాశయం, వెనుక పేగు ఉంటాయి. మూత్రపిండాల నుంచి వచ్చే గొట్టాలు సంచి మెడకు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల దూరంలోనే వెళతాయి. ఎంత చెయ్యి తిరిగిన సర్జన్‌కైనా అక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోవాల్సిందే. ఆ గొట్టం గానీ మూత్రాశయం గానీ తెగితే మూత్రం ఆగకుండా కారుతూ ఉండొచ్చు. ఇది తరచుగా జరగదు. కానీ జరిగిన మనిషి పెళ్లికి పోలేదు, పేరంటానికి పోలేదు, పక్కన ఎవరూ కూర్చోరు. రక్తస్రావం, చీము పట్టడం, మత్తు వికటించడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం కూడా అరుదుగా ఉంటాయి. వీటిని డాక్టర్లు సంతకం పెట్టించుకునే కాగితంలో రాస్తారు. చాలాసార్లు ఆ కాగితం ఇంగ్లీషులో ఉంటుంది.

ఆ కాగితంలో లేనిది అసలు సంగతి. సంచికి రెండువైపులా అండాశయాలుంటాయి. ఎముకలకు బలాన్నిచ్చే, రక్తనాళాలకు కాపు కాసే ఈస్ట్రోజెన్ వచ్చేది వాటి నుంచి. మన దేశంలో బహిష్టులు సహజంగా ఆగేది సగటున 46, 47 ఏళ్లకు. "ఎలాగూ కడుపు కోశాం కదా, పనిలో పనిగా అవీ తీసేద్దాం" అని ముప్పై ఏళ్లకే తీసేస్తే, పదిహేనేళ్ల తర్వాత రావాల్సిన ముసలితనం ఒక్క రాత్రిలో వచ్చి కూర్చుంటుంది. ఒంట్లో ఆవిర్లు, చెమటలు, చిరాకు, నిద్రలేమి. భర్తతో కలవడం నొప్పిగా మారి, అది ఎవరితోనూ చెప్పుకోలేక లోలోపల కుమిలిపోయే ఇల్లాళ్లు ఎందరో. తొలి ఏళ్లలోనే ఎముకలు వేగంగా గుల్లబారతాయి. నలభై ఐదు లోపు రెండు అండాశయాలూ పోయి, బదులుగా హార్మోన్ వాడని వాళ్లలో గుండె జబ్బులు పెరుగుతాయని అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు దశాబ్దాలపాటు వెంట ఉండి చూసిన పరిశోధనల్లో తేలింది. అండాశయాలను ఉంచినా పూర్తి భరోసా లేదు. వాటికి రక్తం అందే దారుల్లో ఒకటి సంచి వైపు నుంచే వస్తుంది. అది పోతే కొందరిలో అవి కొన్నేళ్లు ముందే అలసిపోతాయి.

అయితే అలాంటి వాళ్లకు ఆ హార్మోన్ మాత్రగా ఇవ్వొచ్చు కదా అని మీరడగొచ్చు. ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. ఇక్కడ ఒక కథ ఉంది. 2002 జూలైలో అమెరికాలో ఒక పెద్ద పరిశోధనను మధ్యలో ఆపేశారు. బహిష్టులు ఆగిన 16,608 మంది ఆడవాళ్లలో సగం మందికి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ కలిపిన మాత్ర, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తున్న పరిశోధన. మాత్ర వేసుకున్న వాళ్లలో రొమ్ము క్యాన్సర్ 26 శాతం పెరిగిందన్నారు. ప్రపంచమంతా పత్రికల్లో ఆ 26 శాతమే పతాక శీర్షిక. ఆడవాళ్లు భయపడి మాత్రలు మానేశారు, డాక్టర్లు భయపడి రాయడం మానేశారు.

ఆ 26 శాతాన్ని విప్పి చూద్దాం. మీ ఊరి తిరునాళ్లకు పదివేల మంది ఆడవాళ్లు వచ్చారనుకోండి. మాత్ర వేసుకోకపోతే ఒక ఏడాదిలో వాళ్లలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుంది. వేసుకుంటే 38 మందికి. పదివేలలో ఎనిమిది మంది ఎక్కువ. గుండెపోట్లు ఏడు ఎక్కువ, పక్షవాతం ఎనిమిది ఎక్కువ. తుంటి ఎముక విరగడం ఐదు తక్కువ. ఆ ఎనిమిది మందీ మనుషులే, వాళ్లను చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. కానీ 26 శాతం అంటే నూటికి 26 మందికి క్యాన్సర్ వచ్చిందని ఎంతమంది అనుకున్నారో నాకు తెలుసు. నాతో చదువుకున్న డాక్టర్లే అనుకున్నారు. మందు గురించి ఎవరైనా 'ఇన్ని శాతం పెరుగుతుంది', 'ఇన్ని శాతం తగ్గుతుంది' అంటే వెంటనే అడగండి: ఎంతమందిలో ఎంతమందికి? మందు లేకపోతే ఎంతమందికి?

ఇంకొక ముఖ్యమైన సంగతి. ఆ పరిశోధనలో ఆడవాళ్ల సగటు వయసు 63. సహజంగా బహిష్టులాగిన పెద్దవాళ్లు. ముప్పై రెండేళ్లకు అండాశయాలు పోగొట్టుకున్న పిల్లకు ఆ లెక్క వర్తించదు. ఆమెకు మనం అదనంగా ఏమీ ఇవ్వడం లేదు, శరీరం ఇవ్వాల్సినదాన్ని తిరిగి ఇస్తున్నాం. సంచి లేదు కనుక ప్రొజెస్టిన్ కూడా అక్కర్లేదు, ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలు. సంచి తీసేసిన వాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన రెండో పరిశోధనలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు. పక్షవాతం మాత్రం కొంచెం పెరిగింది. అందుకే రొమ్ము క్యాన్సర్ లాంటి అడ్డంకులు లేకపోతే, సహజంగా బహిష్టులు ఆగే వయసు దాకా ఇవ్వమని వైద్య సంఘాలు చెబుతున్నాయి. ఒకే మాత్ర అరవై మూడేళ్ల ఆవిడకు ఒక తూకం, ముప్పై రెండేళ్ల పిల్లకు ఇంకో తూకం. మన పల్లెల్లో ఆపరేషన్ అయి ఇంటికి పోయిన వాళ్లలో ఆ మాత్ర పేరు విన్నవాళ్లెందరు? నా దగ్గరికి వచ్చిన వాళ్లలో చాలా తక్కువ మంది.

ఇదంతా విని గర్భసంచి ఆపరేషనే వద్దంటున్నానని అనుకోకండి. వేల ఆపరేషన్లు చేసిన దాన్ని నేను. కాన్పు తర్వాత రక్తం ఆగక, మందులకూ కుట్లకూ లొంగక, బీపీ పడిపోతున్న బాలింతకు సంచి తీసేసి బతికించిన రాత్రులున్నాయి. సంచిలో క్యాన్సర్ ఉంటే తీయాల్సిందే. సంచి పూర్తిగా జారి బయటికొచ్చి, నడవలేని ముసలమ్మకు తీస్తే ఆమెకు మళ్లీ కాళ్లొచ్చినట్టు ఉంటుంది. నలభై ఏడేళ్ల ఒక టీచరమ్మ గుర్తొస్తోంది. సంచిలో పెద్ద పెద్ద గడ్డలు, హిమోగ్లోబిన్ ఐదు. ఆపరేషన్ అంటే భయంతో రెండేళ్లు వాయిదా వేసింది. ఆయాసంతో, కాళ్ల వాపుతో స్ట్రెచర్ మీద వచ్చింది. ఆమె విషయంలో నష్టం చేసింది ఆపరేషన్ కాదు, ఆగడం. బహిష్టులు ఆగిపోయి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనపడినా, భర్తతో కలిసిన తర్వాత రక్తం కనపడినా, ఆ రోజే పరీక్షకు రండి. అక్కడ ఆలోచిస్తూ కూర్చోకూడదు.

ఈ రెండు కొసల మధ్య ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్ల కోసమే ఈ మాటలు. రక్తం ఎక్కువగా పోతుంటే ముందు థైరాయిడ్, రక్తహీనత చూడాలి. రక్తస్రావం అయ్యే నాలుగైదు రోజులు వేసుకునే ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలున్నాయి. హార్మోన్ ఉన్న చిన్న పరికరం ఒకటి సంచిలో అమర్చితే ఐదేళ్లపాటు రక్తం బాగా తగ్గిస్తుంది, కొందరికి పూర్తిగా ఆగుతుంది. మొదటి కొన్ని నెలలు మచ్చలుగా కనిపించి విసిగిస్తుంది, ఆ మాట ముందే చెప్పాలి. దాని ఖరీదు వేలల్లో ఉంటుంది. కానీ నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి చేయించుకునే ఆపరేషన్ కంటే, ఆ తర్వాత పనికి పోలేని వారాల కంటే తక్కువే.

ఆ పది నిమిషాల్లో డాక్టరుని అడగండి. ఇప్పుడు ఏమీ చేయకపోతే ఏమవుతుంది? మూడు నెలలు మందులు వాడి చూస్తే ప్రమాదమా? అండాశయాలు తీస్తారా, ఉంచుతారా? తీస్తే ఎందుకు? అడిగితే డాక్టరుకు కోపమొస్తుందని భయపడతారు. రాకూడదు. వస్తే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆపరేషన్ అయితే డిశ్చార్జి కాగితం, తీసిన సంచిని పరీక్షించిన బయాప్సీ రిపోర్టు తప్పక అడిగి తీసుకోండి. పట్టా పాసుపుస్తకం దాచినట్టు దాచుకోండి.

ఆ తల్లీకూతుళ్ల సంగతి చెప్పి ముగిస్తాను. పిల్లకు పరీక్షలు చేశాం. క్యాన్సర్ లక్షణమేమీ లేదు. ఇన్‌ఫెక్షన్ ఉంది, రక్తం తక్కువగా ఉంది. భార్యాభర్తలిద్దరికీ మందులు, ఆమెకు ఐరన్ మాత్రలు, నెలసరి రోజులకు వేరే మాత్రలు రాశాను. తల్లి మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది.

మూడు నెలల తర్వాత మళ్లీ వచ్చారు. కోతలైపోయాయి. పిల్ల మొహంలో కాస్త రంగు తిరిగింది. నేను ఎలా ఉందని అడిగేలోపు ఆ పిల్లే అడిగింది. "డాక్టరమ్మా, మీరప్పుడు అండాశయాల గురించి చెప్పారు కదా. మా అమ్మకి అవి ఉంచారా, తీసేశారా?"

తల్లి నవ్వింది. "నాకేం తెలుసే, అంతా తీశామన్నారు" అంది. పిల్ల కవర్లోంచి మడతలు పడి, అంచులు చిరిగిన కాగితం తీసింది. పంతొమ్మిదేళ్ల కిందటిది. ట్రంకుపెట్టెలో పెళ్లిచీర మడతల్లో దొరికిందట. చూశాను. సంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసినట్టు రాసి ఉంది. ఎందుకు తీశారో మాత్రం లేదు.

నేను ఆ సంగతి చెప్పాను. ఆవిడ కట్టు విప్పిన ఎడమ మణికట్టును కుడిచేత్తో పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అడిగింది: "అయితే అమ్మా, ఇది నేను పడబట్టి విరిగింది కాదా?"

ఎముకల సాంద్రత పరీక్షకు చీటీ రాసి ఇచ్చాను. పిల్ల దాన్ని అందుకుని, పాత కాగితం పక్కనే కవర్లో పెట్టింది.